పసుపు లైటు కింద ఎరుపు

ఇంతవరకూ నేను కాగితం మీద ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు విప్పడమే నాకు కష్టం. కానీ మా వీధి జోగమ్మకి జరిగింది చెప్పబోతే సగంలోనే ఆగిపోతున్నాను, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

జోగమ్మది జాలరిపేట. మొగుడు తాతబాబు మరబోటు మీద వేటకెళ్తాడు. వెళ్తే వారం పది రోజులకి గానీ రాడు. జోగమ్మ తెల్లారకుండానే ఫిషింగ్ హార్బరుకి పోయి, వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తినెట్టుకుని వీధులమ్మట అమ్ముకొచ్చేది.

హార్బరులో పసుపు లైట్లు కొత్తగా పెట్టిన రోజులవి. తొంభై ఏడో, ఎనిమిదో. ఆ లైటు కింద లోకమంతా నానబెట్టిన పెసరపప్పులా ఉండేది. చీర ఎరుపైనా నీలమైనా ఒకటే మసి. చేప తాజాదో కాదో తెలియాలంటే మొప్ప ఎత్తి చూడాలి కదా, నెత్తురులా ఎర్రగా ఉండాలి. ఆ లైటు కింద ఏ మొప్ప ఎత్తినా నల్లగానే ఉండేది. అందుకని ఆడవాళ్ళు చేపని టీకొట్టు దాకా పట్టుకుపోయి, అక్కడి ట్యూబులైటు కింద చూసుకుని మరీ బేరమాడేవారు.

"ఈ లైటొచ్చిన కాడి నుంచి మా ముసిలోడు కూడా అందగాడిలా కనపడతన్నాడే," అనేది పోతమ్మ. జోగమ్మకి తోడొచ్చే పెద్దావిడ.

"అయితే ఇంటికాడ కూడా ఒకటెట్టించుకో అప్పా!" అని నవ్వేది జోగమ్మ.

ఆ పూట మాత్రం జోగమ్మకి నవ్వు రాలేదు. తాతబాబు బోటు రావాల్సిన రోజు దాటిపోయింది. తోటి బోట్లన్నీ వచ్చేశాయి. మాటిమాటికీ రొంటిన దోపుకున్న కుంకుమ భరిణె తడుముకుంటోంది. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. మొగుడు వేటకెళ్ళే పొద్దున్న గంగాలమ్మ గుడి కుంకుమ తెచ్చుకుని, అతను తిరిగొచ్చేదాకా పెళ్ళాం ఒక్కర్తే పెట్టుకోవాలి. అది పరాయిదాని నుదుటికి తగిలితే మగాడు ఆ నుదుటి సొత్తైపోతాడని అత్తగారు చెప్పి పోయింది.

పోతమ్మ టీ తాగడానికి వెళ్ళింది. జోగమ్మ సముద్రం వైపు చూసుకుంటూ పాట షెడ్డు చివరిదాకా నడిచింది. అక్కడ జనం లేరు. డీజిలు కంపు, కుళ్ళిన రొయ్యపొట్టు కంపు. గోడకి నీళ్ళు తగిలి చప్పరిస్తున్నట్టు చప్పుడు. ఆఖరి లైటు కింద ఒక ఆడమనిషి గంప ముందేసుకుని, తల వంచుకుని కూర్చుంది. గంపలో కానాగంత చేపలు. జోగమ్మ అలవాటుగా ఒకదాని మొప్ప ఎత్తింది.

ఎర్రగా ఉంది. గడ్డకట్టని నెత్తురులా ఉంది.

ఎంత తాజా సరుకో అని సంబరపడిపోయింది. ఎరుపు చూస్తే మురిసిపోవడం చేపలమ్మేవాళ్ళ కంటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ బుద్ధే ముంచింది.

"ఎంతకిత్తావమ్మా?"

"డబ్బులొద్దొదినా..." గొంతు తడిగా ఉంది. "సేపలట్టుకెల్లు. నా నుదురు బోసిగుంది... కూసింత బొట్టెట్టు."

జోగమ్మ చెయ్యి రొంటి దగ్గర ఆగిపోయింది. అత్తగారి మాట గుర్తొచ్చింది. కానీ సాటి ఆడది నోరు తెరిచి బొట్టడిగితే లేదనడానికి నోరెలా వస్తుంది?

"ఒక్క సుక్కే... ఇంకెవల్నడగను?"

భరిణె తీసింది. పెట్టింది. ఆ నుదురు ఐసులో వేసిన చేపలా జిగురుగా, చల్లగా తగిలింది. బొట్టు ఎర్రగా కుదిరింది. ఆమె చీర కూడా ఎర్రగా ఉంది.

అప్పుడు జోగమ్మ తన వేలు చూసుకుంది.

వేలికంటిన కుంకుమ నల్లగా ఉంది.

లైటు అదే... కుంకుమ అదే... తన వేలి మీద నలుపు. ఆమె నుదుటి మీద ఎరుపు.

ఈ లైటు కింద ఎరుపు కనపడదు కదా...

"ఎవలు... నువ్వు?"

ఆమె తల ఎత్తింది. "తాతబాబుని నాను తోలుకొత్తాలే," అంది గుసగుసగా.

జోగమ్మ ఆ చేపలు ముట్టకుండా టీకొట్టు దాకా పరిగెత్తింది.

"ఏటే ఆ పరుగు? పోలీసోడు గానీ తరిమాడా?" అంది పోతమ్మ, టీ గ్లాసు పక్కన పెట్టి.

జోగమ్మ ట్యూబులైటు కింద భరిణె తెరిచింది. లోపల కుంకుమ బొగ్గుపొడిలా ఉంది. "అప్పా, ఇదేం రంగు?"

"కుంకం కుంకం రంగే. నీ కళ్ళకేటయిందే?"

ఇద్దరూ వెళ్ళి చూస్తే ఆఖరి లైటు కింద గంపా లేదు, మనిషీ లేదు. తడి మరక ఉంది. తెల్లారింది. మోసపోయిన కళ్ళు వెలుతురు మారితే బాగుపడాలి. జోగమ్మవి బాగుపడలేదు. పోతమ్మ ఎర్ర రవిక నల్లగా, పైకొస్తున్న సూర్యుడు కూడా మసిబారిన పెనంలా కనిపించాయి. మిగతా రంగులన్నీ ఉన్నాయి. ఒక్క ఎరుపే లేదు.

కాస్త ఎండెక్కాక తాతబాబు బోటు వచ్చింది.

"ఇంజను సచ్చిపోయిందే! గాలి ఎదురుగుంది. అయినా ఎవలో లాగినట్టు బోటు దానంతటదే వచ్చేసింది," అంటూ దిగాడు నవ్వుతూ.

జోగమ్మ నవ్వలేదు. అతని నుదుటి మీద గుండ్రంగా, తడిగా, ఎర్రటి బొట్టు. ఆమె కంటికి లోకంలో మిగిలిన ఎరుపు అదొక్కటే.

"ఆ బొట్టెవలెట్టారు?"

"బొట్టేటే, తిక్కదానా?"

పోతమ్మ దగ్గరికొచ్చి చూసి, ఏమీ లేదంది. ఇంటికెళ్ళాక జోగమ్మ కొంగుతో తుడిచింది, సబ్బెట్టి రుద్దింది. అతని చర్మం కమిలింది గానీ బొట్టు చెదరలేదు.

దీపాలు పెట్టే వేళకి తాతబాబు మాటలు తగ్గాయి. "పొద్దున్నే ఎల్లిపోతాను," అన్నాడు.

"ఇయ్యాలే కదా వచ్చావు. ఇంజను బాగైందా?"

"బోటక్కర్లేదు. పిలుత్తన్నాది."

"ఎవలు?"

అతను గోడకేసి తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న, అతను లేవకముందే జోగమ్మ బయటికొచ్చి తలుపుకి తాళం వేసింది. ఒంటి గది ఇల్లు, కిటికీ కూడా లేదు. తాళంచెవి రొంటిన దోపుకుని గడప మీద కూర్చుంది. తాతబాబు లేచి తలుపు బాదాడు. తిట్టాడు. "తియ్యవే, బోటోళ్ళు నవ్వుతారు," అని బతిమాలాడు. వీధంతా పోగయ్యాం. నేనూ అక్కడే ఉన్నాను. ఎవరు చెప్పినా ఆమె కదల్లేదు.

ఉన్నట్టుండి బాదడం ఆగిపోయింది.

లోపల తాతబాబు మెల్లగా నవ్వాడు. ఎవరితోనో గుసగుసగా అన్నాడు...

"ఉండు... తలుపు అదే తీత్తాది."

జోగమ్మ తాళంచెవి పిడికిట్లో బిగించి, వీపుని తలుపుకి ఇంకా గట్టిగా ఆనించింది.