నాలుగు కప్పుల పుదీనా టీ

"డాక్టరమ్మ మేనల్లుణ్ణి అరెస్ట్ చెయ్యి. పెట్టె మాత్రం రాకెట్ ఎక్కాలి. నీకున్నది నలభై నిమిషాలు."

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు ఆగింది. ఉడత టీ ట్రాలీ తోసుకుంటూ కారిడార్‌లో నడుస్తూనే ఉన్నాడు. ఉడత అన్నది అతని కోడ్ నేమ్. యాభై రెండేళ్లు, బట్టతల, ఒకసారి చూస్తే ఎవరికీ గుర్తుండని ముఖం. పది రోజులుగా ఈ స్పేస్ ల్యాబ్‌లో అందరికీ టీ పోస్తున్నాడు.

గాజు తలుపు అవతల, ఊదారంగు లైట్ల కింద, పెట్టెలో పుదీనా నవనవలాడుతోంది. అంతరిక్షంలో ఆరుగురు వ్యోమగాములకు కడుపులో తిప్పితే మందు అదే, చప్పటి తిండికి రుచీ అదే. మట్టి అక్కర్లేకుండా జెల్‌లో బతికేలా దాన్ని తయారుచేయడానికి ఈ ల్యాబ్ సైంటిస్టు డాక్టరమ్మకు పదకొండేళ్లు పట్టింది.

ఆ జెల్‌లో విషం కలపాలని ఓ విదేశీ ముఠా కాచుకుంది. ఆకు వాడదు, రంగు మారదు. నమిలిన మనిషి మాత్రం లేవడు. ఆఖరి నిమిషంలో ఆ పని చేయబోయేది డాక్టరమ్మకు అసిస్టెంట్‌గా ఉన్న మేనల్లుడేనని నెమలి రిపోర్ట్ ఇచ్చింది. నెమలి ముఠాలో ఉన్న మన ఏజెంట్. ల్యాబ్‌లో ఆమె క్వాలిటీ ఇన్‌స్పెక్టర్.

ఆ రిపోర్ట్ ఉడతకు మింగుడుపడలేదు. మేనల్లుడు పండుటాకు తుంచాలన్నా చేయి వణికే రకం. పైగా అతణ్ణి పట్టుకోగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పెట్టె నేరుగా పైకి పోతుంది. విషం ఈపాటికే కలిసిపోయి ఉంటే? టెస్ట్‌కి ఆరు గంటలు కావాలి.

తలుపు దగ్గర నెమలి నిలబడి ఉంది. నీలం కోటు, ముత్యాల దుద్దులు, మత్తెక్కించే సెంటు.

"కిటికీ దగ్గర ఎండ ఎక్కువగా ఉంది," అంది.

"తెర వేస్తే సరిపోతుంది," అన్నాడు. కోడ్ కలిసింది.

"ఇంకా చూస్తావేంటి? పట్టుకో," గొణిగింది.

"టీ ఇచ్చాక."

ఇద్దరు లోడర్లు వచ్చి పెట్టెను లిఫ్ట్‌లోకి తోసుకెళ్లారు. ఉడత లోపలికెళ్లి నాలుగు కప్పులు నింపి డాక్టరమ్మకు, మేనల్లుడికి, వెనకే వచ్చిన నెమలికి తలా ఒకటి అందించాడు. నాలుగోది తనకు.

"ఇవాళ స్పెషల్ అమ్మా. ఇందాక మీ పెట్టెలోంచే నాలుగు కొమ్మలు తుంచాను."

"నా మొక్క ముట్టుకున్నావా?" డాక్టరమ్మ గొంతు గదంతా మోగింది. "బుద్ధుందా నీకు? ఒరేయ్, చూశావా ఈయన నిర్వాకం!"

తిడుతూనే కప్పు ఖాళీ చేసేసింది. మేనల్లుడు బిక్కమొహంతో గటగటా తాగేశాడు. నెమలి కప్పు మాత్రం బల్ల మీదే ఉంది.

"తాగండి మేడమ్."

"నాకు టీ పడదు."

"నిన్న రెండుసార్లు తాగారు."

ఆమె చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. సెంటు సీసా పైకి లేచింది. అందులో ఉన్నది సెంటు కాదు, విషమని ఉడత పసిగట్టాడు. చేతిలోని వేడి టీ ఆమె మణికట్టు మీద కుమ్మరించాడు. సీసా జారింది. మేనల్లుడు ఎగిరి దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు. ఈసారి అతని చేయి వణకలేదు.

ఉడత నెమలి చేతులు విరిచిపట్టి, ట్రాలీ మీది ఫ్లాస్కు మూతలో దాచిన మైకు వైపు వంగి అరిచాడు. "చీఫ్! పెట్టె ఆపండి! విషం కలిసిపోయింది!"

"హ్యాచ్ మూస్తున్నారు. పన్నెండు సెకన్లు..."

ఎక్కడో సైరన్ మోగింది.

"ఆగింది," అన్నాడు చీఫ్. "ఒక్క సెకను మిగిలింది."

నెమలిని తీసుకెళ్లారు. ఇలాంటి అవసరానికని డాక్టరమ్మ తన గదిలో తాళం వేసి ఉంచిన రెండో పెట్టెను మేనల్లుడే మోసుకెళ్లి ఎక్కించాడు. సాయంత్రం నాలుగింటికి రాకెట్ లేచింది. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని ఉడత వైపు తిరిగింది.

"మరి నా టీలో వేసిన ఆకు ఎక్కడిది?"

"మార్కెట్లో కొన్నానమ్మా."

"మార్కెట్‌దా! కడిగావా?"

ఎందరో శత్రువుల ముందు తొణక్కుండా అబద్ధమాడిన ఉడత, ట్రాలీ తోసుకుంటూ గబగబా బయటికి నడిచాడు.