రెండు పాయింట్ ఎనిమిది మూడు

లెక్కల మాస్టారిని పదింబావుకి లిఫ్టులో చంపేశారు. పదిన్నరకి గూఢచారిని చీఫ్ పిలిపించాడు.

“గంటన్నర టైముంది నీకు. మాస్టారి ల్యాబ్‌లో ఒక మెషిన్ ఉంది. కవలల్లాంటి కాంతి కణాలు రెండు పుట్టిస్తుంది. ఒకటి ఇక్కడుంటుంది, ఇంకోటి సరిహద్దు అవతల మన ఆఫీసుకి వెళ్తుంది. రెండు చోట్లా విడివిడిగా కొలుస్తారు. జవాబులు ఎంత బాగా కలిస్తే స్కోరు అంత ఎక్కువ. మధ్యలో ఎవడైనా వేలు పెట్టాడో, స్కోరు రెండు కన్నా కిందికి పడిపోతుంది.”

“టెన్త్‌లో నాకు సైన్సు ముప్ఫై ఆరు సార్.”

“రెండు కన్నా ఎక్కువో తక్కువో చూడ్డం వచ్చుగా? చాలు. పన్నెండింటికి ఆ లైన్‌లో, అవతల మీ అక్క దాక్కున్న ఇంటి అడ్రస్ వెళ్తుంది. దానంతటదే వెళ్తుంది, ఆపాలంటే ఆ గదిలోంచే ఆపాలి. లైన్ శుభ్రంగా ఉంటే మన కారు వెళ్లి ఆమెను తెచ్చేస్తుంది. లేదంటే శత్రువుల కారు ముందెళ్తుంది.”

అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే డిపార్టుమెంటు. ఇంట్లో ఉన్న ధైర్యమంతా అక్క పట్టుకుపోయింది, ఈయనకి ఉద్యోగం మాత్రం మిగిలింది.

ఏసీ మెకానిక్ వేషం. చెవిలో బఠాణీ గింజంత ఫోన్. స్కోరు బాగుంటే “ఏసీ బాగుంది” అనాలి. తేడా ఉంటే “గ్యాస్ లీకవుతోంది”. గేటు దగ్గర పాసు, ఫోటో, వేలిముద్ర అన్నీ అయ్యేసరికి పదకొండూ యాభై ఎనిమిది అయింది.

ల్యాబ్‌లో సెక్యూరిటీ ఆఫీసర్ ఒక్కతే ఉంది. నల్ల కోటు, ఖరీదైన సెంటు. ఆమె నవ్వితే తాళాలు వాటంతటవే ఊడొస్తాయని డిపార్టుమెంటులో జోకు.

“ఏసీ మెకానిక్‌కి ఇంత చెమటేంటండీ?” అని నవ్వింది. “చీఫ్ మనిషని తెలుసులెండి. స్కోరేగా? చూసుకోండి.”

స్క్రీన్ మీద 3.10.

అమ్మయ్య! రెండేమిటి, మూడు దాటింది! ప్రాణం లేచొచ్చింది గూఢచారికి. “ఏసీ బాగుం...” అంటూనే బల్ల మీద తెరిచున్న మాస్టారి నోట్‌బుక్ చూశాడు. అట్ట లోపలి వైపు ఎర్ర సిరాతో రాసుంది: “2.83 ప్రకృతి గీసిన హద్దు. దాటితే సంబరపడకు. అది మెషిన్ కొలిచింది కాదు, ఎవరో టైపు చేసింది.” కింద రోజువారీ స్కోర్లు: 2.71, 2.68, 2.74. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా హద్దు దాటలేదు.

మళ్లీ స్క్రీన్ చూశాడు. అదే 3.10.

“ఏమైందండీ?” అందామె.

“మేడమ్,” అన్నాడు. “వందకి నూటపది మార్కులేశారు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. కోటులోంచి పిస్తోలు బయటికొచ్చింది. “అసలు స్కోరు ఒకటి పాయింట్ తొమ్మిది. ఎక్కువేస్తే ఇంకా నమ్ముతారనుకున్నా, ఛ! ఊఁ, మాట పూర్తి చెయ్యండి. ఏసీ బాగుందని చెప్పండి.”

గడియారంలో ఇంకా పదిహేను సెకన్లు. అక్క ఏదో వంటింట్లో కూర్చుని, వీధిలో కారు చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటుంది. ఆ కారు దిగేది ఎవరో! తల్చుకుంటేనే ఏడుపొచ్చేసింది. పక్కనే మెషిన్ మూత, దాని మీద చీటీ: “తీయొద్దు. వెలుతురు పడితే డిటెక్టర్ గుడ్డిదవుతుంది.”

“గ్యాస్ లీకవుతోంది!” అని గావుకేక పెట్టాడు.

పిస్తోలు పేలింది. అదే క్షణంలో భయంతో ఆయన మోకాళ్లు జారిపోయాయి. తూటా నెత్తి మీదుగా పోయి గోడలో దిగింది. పడుతూ పడుతూ మూతని రెండు చేతులా పట్టుకు లాగాడు. ట్యూబులైటు వెలుగు లోపలికి పడగానే మెషిన్ కీచుమని ఆగిపోయింది. గడియారంలో రెండు సెకన్లు మిగిలాయి. మెట్ల దగ్గర కాపుకాసిన చీఫ్ మనుషులు తలుపు బద్దలుకొట్టి ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “అడ్రస్‌ని ఒక డ్రైవర్‌కి కంఠతా పట్టించి పంపాం. మీ అక్క మన కారెక్కింది. సరిహద్దు దాటేసింది కూడా.”

గూఢచారి నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

“నువ్వెలా కాపాడావో అంతా చెప్పాను. మాట్లాడతావా? కలపనా?”

“బాబోయ్, వద్దు సార్! మోకాళ్లు జారిన సంగతి కూడా చెప్పేసుంటారు. ఎంత నవ్వాలన్నా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని నవ్వమనండి.”