కలరా మిద్దెలో కమురు వాసన

క్రోసూరు పొలిమేరలో నాపరాళ్ళ మిద్దె ఒకటుండేది. కలరా వచ్చిన ఏడు ఆ ఇంట్లోవాళ్ళు ఒకరెనక ఒకరు పోయారు... ఆ తర్వాత అందులో దీపం పెట్టినవాళ్ళు లేరు. పొద్దుగూకితే అటు బండి తోలడానికి కూడా జంకేవాళ్ళు. ఎందుకంటే మసక చీకటి పడగానే లోపల్నించి కమురు వాసన వచ్చేది — కాట్లో మనిషి కాలుతున్నట్టు...

ఇది మా వీధి రాఘవమ్మత్త నాకు చెప్పిన సంగతి.

ఆమె పెనిమిటి యల్లమంద భజన సమాజానికి పెద్ద. ముక్క మానేసి తులసిమాల వేసుకున్నాడు. ఎవరింట్లో కోడి కూర ఉడికినా వాకిట్లో నిలబడి పాపం, పుణ్యం చెప్పందే కదిలేవాడు కాదు. ఆయన మానేశాడని ఆమె కూడా మానేసింది.

ఒక సాయంత్రం ఆయన పొలం నుంచొచ్చి కండువా దండెం మీద వేశాడు. రాఘవమ్మ దాన్ని తియ్యబోయి ఆగింది. అదే వాసన!

"ఏందయ్యా... ఆ మిద్దె పక్కగా వచ్చావా?" అంది గుసగుసగా.

యల్లమంద మొహం పాలిపోయింది. "వచ్చా... ఎనకనించి ఎవరో పిలిచారే. నేను తిరిగి చూళ్ళేదు."

అసలే యుద్ధం రోజులు, సబ్బు దొరకదు. రాఘవమ్మ ఆ కండువాకి చవుడు మట్టి పెట్టి ఉడికించింది. కుంకుడు రసంలో నానేసింది. ఊహూ... నాలుగు రోజులకల్లా పంచెకీ అదే కంపు. దుప్పటికీ, దిండుకీ పాకింది. గోడలకి సున్నం కొట్టింది, ఇల్లంతా వేపాకు పొగేసింది. కంపు పోయినట్టే పోయి, ఆయన పొలం నుంచి రాగానే మళ్ళీ ఇంట్లోకొచ్చేది.

పక్కింటి హజ్రా బీ ఆ కండువా వాసన చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది.

"నిమ్మచెక్క రుద్ది ఎండలో ఆరెయ్యి అక్కా," అని గబగబా ఇంట్లోకి పోయింది.

అదీ చేసింది. ఈలోపు యల్లమందకి ఇంట్లో అన్నం సయించడం మానేసింది. రెండు ముద్దలు కతికి లేచేవాడు. దెయ్యం ఈయన్ని లోపల్నించి తినేస్తంది... రాఘవమ్మకి కంటి మీద కునుకు లేదు.

చివరికి తెగించింది. చీకటి పడుతుండగా జుట్టు విరబోసుకుని, వేపమండ పట్టుకుని, ఒక్కతే ఆ మిద్దెకి పోయింది.

తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు... చుయ్‌మని ఏదో కాలుతున్న చప్పుడు... మంట ముందు ఒక ఆకారం గొంతుక్కూచుని ఉంది. వీపు మీద గుడ్డ లేదు.

"ఎవరే నువ్వు! నా మొగుణ్ణి వదుల్తావా, లేదా?"

ఆకారం ఎగిరి పడింది. "అమ్మో... దెయ్యం!" అని కెవ్వుమంది.

ఆ గొంతు యల్లమందది.

మంట మీద మూకుడు. మూకుట్లో ఎండు చేపలు.

రాఘవమ్మ వేపమండ విసిరికొట్టింది. "నిన్ను దెయ్యం తింటందని నేను చస్తంటే... నువ్వు చేపలు తింటన్నావా!"

"మెల్లగా మాట్లాడవే... ఊరికి తెలిస్తే నా పరువేం కాను?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన్ని చూసింది. మూకుణ్ణి చూసింది. ఆ పొగని మరోసారి గట్టిగా పీల్చి, మంట పక్కన కూలబడింది.

"నీ భజన కోసం నేనెందుకు నోరు కట్టుకోవాలో ఒక్కనాడన్నా అడిగావా?" అంది. "తోక ముక్క నాకెయ్యి."

వారం తిరక్కుండానే బండి తోలే నాగయ్య వణుక్కుంటా భజన మందిరంలోకొచ్చి పడ్డాడు.

"మిద్దెలో ఇప్పుడు రెండున్నాయి పెద్దాయనా! ఆడది కూడా వచ్చింది... మగదాన్ని నోటికొచ్చినట్టు తిడతంది. మధ్య మధ్యలో నవ్వుతంది!"

యల్లమంద పాట ఆపి, నాగయ్య నుదుట విభూది పెట్టాడు. ఆడవాళ్ళ వరసలో తాళాలు వాయిస్తున్న పెళ్ళాం వైపు చూడకుండా, వాడి చెవిలో నిజంగానే భయంభయంగా అన్నాడు —

"అటెళ్ళబాకురా... ఆ ఆడది మరీ చెడ్డది."