కొంగల దిబ్బ మీద పెళ్ళిచూపులు

పెళ్ళికూతుర్ని చాటుగా గుళ్ళో చూసినవాళ్ళున్నారు, చీరల కొట్లో చూసినవాళ్ళున్నారు. టిక్కెట్టు కొనుక్కుని, వ్యానెక్కి, ఆ పిల్ల చేతనే దారి చూపించుకుంటూ ఒక దీవికి పోయి చూసిన ఘనత మాత్రం శ్రీకుమార్ వాళ్ళ అవ్వకే దక్కింది.

అది తొంభై ఆరు డిసెంబరు. ఊరి పేరు కొత్తగా మారింది. బోర్డుల మీద చెన్నై, జనం నోళ్ళలో మద్రాసు. శ్రీకుమార్ మనలిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. బాయిలరు బుసకొట్టినా బెదరని మనిషి, అవ్వ భువనేశ్వరమ్మ గొంతు సవరించుకుంటే మాత్రం పిల్లిపిల్ల అయిపోతాడు. ఇంట్లో తల్లీ తండ్రీ ఉన్నారు, కానీ వాళ్ళూ పిల్లిపిల్లలే.

మైలాపూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. మనవాళ్ళే, తాతల కాలం నుంచి మద్రాసులో ఉంటున్న తెలుగువాళ్ళు. పిల్ల పేరు జనని. మయూర హాలిడేస్ అనే చిన్న ట్రావెల్ కంపెనీలో గైడు. పెళ్ళిచూపులు వచ్చే ఆదివారం.

"ఫోటోలో అందురూ బుద్ధిమంతులేరా కుమారూ. ఒక దినమంతా ఎండలో తిప్పితే గదా గుణం బయటపడేది!" అంది అవ్వ. "ఈ ఆదివారం ఆ పిల్ల ఏదో దీవికి టూరు తోడుకపోతాదంట. మనమూ పోదాం."

"దొంగతనంగానా అవ్వా?"

"దొంగతనమేందిరా! టిక్కెట్టు కొన్నాం గదా."

పిల్ల చిన్నమ్మ రాజలక్ష్మి ఈ కుట్రలో భాగస్వామి. టూరుకి భోజనాలు వండి తెచ్చేది ఆవిడే. షరతు ఒక్కటే. రోజంతా అవ్వా మనవడూ తమిళమే మాట్లాడాలి. తెలుగు ముక్క బయటపడిందా, పిల్ల ఎవరు ఏమిటని ఆరా తీస్తుంది, గుట్టు రట్టవుతుంది.

మైలాపూరు లజ్ కార్నర్‌లో వ్యాను ఆగి ఉంది. మెడలో విజిలు, ఆకుపచ్చ చుడీదారు, చేతిలో రంగుల కరపత్రం. ఫోటోలో ఈ పిల్ల ఇంత బాగా లేదే అనుకున్నాడు శ్రీకుమార్. ఒక చక్కటి తమిళ వాక్యం బట్టీపట్టి వచ్చాడు. నోరు తెరిచేలోగా జననే తెరిచింది.

"సార్, ముందు సీట్లు పెద్దవాళ్ళకి. మీరు వెనక్కి పోండి," అంది తమిళంలో.

"నేను మా అవ్వ పక్కన..."

"మీ అవ్వగారు ఎక్కడికీ పారిపోరు సార్."

వెనక సీటంటే చక్రం మీద సీటు. పక్కన రాజలక్ష్మి, ఒళ్ళో సాంబారు గిన్నె. వ్యాను కదలగానే జనని వచ్చి చిన్నమ్మ ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. నోట్లోంచి తెలుగు దొర్లింది.

"చిన్నమ్మా, ఈ నీలం చొక్కాని చూడు. బడికి పొయ్యే పిలకాయ మాదిరి అవ్వ పక్కనే కూచోవాలంట!"

రాజలక్ష్మి మొహంలో నెత్తురుచుక్క లేదు. "మెల్లగా అనవే, వింటారు."

"విన్నా అర్థమైతే గదా!"

నీలం చొక్కా కిటికీలోంచి బయటకు చూస్తూ, తనకు ఏ భాషా రానట్టు మొహం పెట్టాడు.

"అది సరే గానీ, వచ్చే ఆదివారం ఆ మనలి వాళ్ళు వస్తారు. ఆ పిల్లోడి ఫోటో అన్నా చూడవే," అంది రాజలక్ష్మి. పాపం, మాట మారుద్దామనుకుంది.

"ఎందుకు చూడాల? కవరు కూడా విప్పలా. వస్తారు, కాఫీ ఇస్తా, వద్దని చెప్తా. ఉద్యోగం మానుకోవాలంట! ఎవురు చెప్పినారు? వాళ్ళ అవ్వ. మరి ఆయన ఏం చెప్పినాడు? అవ్వ ఇష్టమన్నాడంట. అట్లయితే నేను ఆ అవ్వనే చేసుకుంటే పోలా?"

సాంబారు గిన్నె ఒరిగింది. శ్రీకుమారే పట్టుకున్నాడు. జనని "థాంక్యూ సార్" అంది.

ఆ మాట నిజం, అదే బాధ. "ఇంటి కోడలు వ్యానుల్లో ఊరేగేదేంది?" అని నెల కిందట అవ్వ అన్నప్పుడు శ్రీకుమార్ దోసె తింటున్నాడు. ఔననలేదు, కాదనలేదు, ఇంకో దోసె వేయించుకున్నాడు. ఆ దోసె ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది.

పులికాట్ రేవులో పడవ ఎక్కారు. పడవవాడు చిన్నతంబి గెడ వేస్తుంటే జనని లేచి నిలబడి కరపత్రం చదివింది. "ఉష్ణమండల దీవి! గులాబి రంగు రాజహంసలు! దట్టమైన మడ అడవి! ఉప్పు సరస్సు నడుమ తియ్యటి ఊట! గవ్వల తీరం! సూర్యాస్తమయం!"

దీవి వచ్చింది. పేరు కొంగల దిబ్బ. కరపత్రం బొమ్మలోని కొబ్బరిచెట్లన్నీ ఇక్కడికొచ్చేసరికి తాటిచెట్లయిపోయాయి. దట్టమైన అడవి నడుమెత్తు పొదలు. రాజహంసలు దూరాన నీళ్ళ మీద ఒక గులాబి గీత.

"అవి పక్షులా, ఎవరైనా చీర ఆరేశారా?" అనడిగాడు సౌకార్‌పేట నుంచి వచ్చిన బట్టల వ్యాపారి.

"కళ్ళజోడు తుడుచుకుని చూడండి సార్," అంది జనని. ఆ మాట పూర్తికాకముందే గీత గీతంతా గాల్లోకి లేచింది. రెక్కల కింద ఎరుపు, నలుపు. ఆకాశంలో సగం గులాబి రంగైపోయింది. వ్యాపారి నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. జనని పక్షుల్ని చూడటం లేదు, జనం మొహాలు చూస్తోంది, తానే వాటిని ఎగరేసినంత సంబరంగా. శ్రీకుమార్ ఆవిడని చూస్తున్నాడు. టిక్కెట్టు డబ్బులు అక్కడికక్కడే గిట్టుబాటైపోయాయి.

తరువాత ఊట. తాటిచెట్ల కింద చిన్న గుంట, అంతే. అందరూ పెదవి విరిచారు. జనని దోసిలితో నీళ్ళు ముంచి అవ్వ చేతుల్లో పోసింది.

"చుట్టూ ఉప్పే అవ్వా. ఇది మాత్రం తియ్యగా ఎట్లా ఉందో తాగి చూడండి."

అవ్వ తాగింది. మళ్ళీ చేతులు చాపింది. గుణం బయటపెట్టించడానికి వచ్చిన మనిషి కాస్తా ఆ తరువాత గవ్వలేరుకుంటూ తీరమంతా తిరిగింది.

సన్నగా తుంపర మొదలైంది. జనని గొడుగు తెచ్చి శ్రీకుమార్ పక్కన నిలబడింది.

"ఏం పని చేస్తారు సార్?"

మనలి అంటే కొంప మునుగుతుంది. "బ్యాంకులో," అన్నాడు.

"అందుకేనా మాటలు కూడా లెక్కపెట్టి ఇస్తారు!"

"అవసరమైతే వస్తాయండీ మాటలు."

"ఎప్పుడొస్తుంది సార్ ఆ అవసరం? చెప్తే విజిలేసి అందర్నీ పిలుస్తాను."

ఇద్దరూ నవ్వారు. గొడుగు చిన్నది, తుంపర ఎక్కువైంది, ఇద్దరికీ అభ్యంతరం లేకపోయింది. ఈ పిల్ల లేకుండా తను మనలికి తిరిగి పోలేడని శ్రీకుమార్‌కి తెలిసిపోయింది.

భోజనాల దగ్గర మళ్ళీ తెలుగు వినబడింది.

"నీలం చొక్కా అంత చెడ్డోడేం కాదు చిన్నమ్మా. నవ్వితే బాగుంటాడు. తెలుగోడైతే ఎంత బాగుండు!"

రాజలక్ష్మి వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగింది. శ్రీకుమార్‌కి అప్పడం పొలమారింది. ఎవరికైనా అప్పడం పొలమారుతుందా? అతనికి మారింది. ఇప్పుడేం చెయ్యాలి? చెబితే దొంగచాటుగా విన్నవాడవుతాడు. చెప్పకపోతే వచ్చే ఆదివారం ఈ పిల్లే కాఫీ ఇచ్చి, ఇతని మొహం చూసి, అసలు సంగతి తెలుసుకుని, గుమ్మం చూపిస్తుంది. ఎటుచూసినా పిల్ల దక్కదు.

సాయంత్రమైంది. పోటు తగ్గింది, ఒడ్డున నల్లబురద తేలింది. పడవని ఇంకాస్త దగ్గరకు తెమ్మని కేకేస్తూ జనని ముందుకి అడుగేసింది. అక్కడ బురద పైకి గట్టిగానే ఉంది, లోపల్నుంచి బుడగలొస్తున్నాయి.

"ఏయ్, ఆడ కాలు పెట్టొద్దు! దిగబడిపోతావు!" అని అరిచాడు శ్రీకుమార్.

అప్పటికే మోకాలిదాకా దిగిపోయింది. "అమ్మో! నా చెప్పు పోయింది!"

"చెప్పు పోతే పోనీ, చెయ్యియ్యి!"

"అందడంలా!"

"ఉండు, నేనే వస్తాండా!" అని అతనూ దిగాడు. లాగాడు, పడ్డాడు, లేచి మళ్ళీ లాగాడు. చివరికి ఇద్దరూ ఒడ్డున చతికిలబడ్డారు. ఒకరి మొహం చూసి ఒకరికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ జనని టక్కున ఆగిపోయింది.

"మీరు... తెలుగా?"

అతను తల ఊపాడు.

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

"వ్యాన్లో నేను చెప్పిందంతా..."

"విన్నా."

"బ్యాంకు?"

"అబద్ధం. మనలి."

"ఆ మనలేనా?"

"ఆ మనలే."

జనని మొహంలో నవ్వు ఆనవాలు కూడా మిగల్లేదు. "మీ అవ్వ పెద్దామె, ఆమె బుద్ధి అట్ల పోయింది, సరే. మీరెందుకొచ్చినారు?"

లోకంలో ఎన్నో జవాబులున్నాయి. వాటిలోంచి ఏరి ఏరి శ్రీకుమార్ అన్నాడు గదా, "అవ్వ రమ్మనింది."

జనని లేచి, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ పడవ దగ్గరకు పోయింది.

పడవ కదిలింది. సరస్సు సగం దాటేసరికి శ్రీకుమార్ లేచి నిలబడ్డాడు. చిన్నతంబి కూర్చోమని కేకలేశాడు, వినలేదు.

"అవ్వా! ఆ పిల్ల ఉద్యోగం మానదు!" అన్నాడు, పడవంతా వినబడేటట్టు, తెలుగులో. "మనల్ని చేసుకున్నా మానదు, చేసుకోకపోయినా మానదు. ఆ మాట నెల కిందటే నేను అనాల్సింది. అనలా. తప్పు నాది. నాకు జనని అంటే ఇష్టం. నా అంతట నేనే చెప్తాండా."

రాజలక్ష్మి చేతిలో ఖాళీ గిన్నె నీళ్ళలో పడి తేలుకుంటూ పోయింది. ఏం జరిగిందని వ్యాపారి పక్కాయన్ని అడిగాడు. ఇది కూడా టూరులో భాగమేమోనన్నాడు ఆయన.

అవ్వ ఒళ్ళోని గవ్వలు సర్దుకుంది. "నాకెందుకురా చెప్తావు? ఆ పిల్లకి చెప్పు. నేను మానమనింది నెల కిందట, అప్పటికి నేను ఒక్క దీవన్నా చూసినానా? ఇప్పుడీ పిల్ల మానేస్తే నన్ను ఏర్కాడు కొండకి ఎవురు తోడుకపోతారు?"

అందరూ జనని వైపు తిరిగారు. జనని విజిలు ఊదింది. "చివరి ఆకర్షణ సూర్యాస్తమయం. ఇవాళ మబ్బు పట్టింది కాబట్టి లేదు," అంది తమిళంలో. తరువాత శ్రీకుమార్ వైపు తిరిగి, తెలుగులో, "ఈ మాటలు కూడా అవ్వే చెప్పమనిందా సార్?" అంది.

అతని దగ్గర రుజువేముంది!

ఆ తరువాతి ఆదివారం మైలాపూరులో పెళ్ళిచూపులు అనుకున్నట్టే జరిగాయి. రెండు వైపుల పెద్దలూ ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టుకుని మైసూర్‌పాక్ తిన్నారు. జనని కాఫీ తెచ్చింది. అందరికీ నవ్వుతూ ఇచ్చింది, శ్రీకుమార్‌కి మాత్రం ఊరికే ఇచ్చింది.

"పిల్లతో ఏమన్నా మాట్లాడేదుంటే మాట్లాడు నాయనా," అన్నాడు జనని తండ్రి.

అలవాటుగా అందరి చూపులూ అవ్వ మీదికి పోయాయి. అవ్వ పైకప్పు వంక చూస్తూ, నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చుంది.

శ్రీకుమార్ సోఫా పక్కనున్న సంచిలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి, మైసూర్‌పాక్ పళ్ళెం పక్కన పెట్టి విప్పాడు. లోపల ఎడమకాలి చెప్పు. కడిగినా నల్లమరకలు పోలేదు. పెళ్ళిచూపుల్లో బల్ల మీద చెప్పేమిటని అతని తల్లి నోరు నొక్కుకుంది.

జనని చెప్పుని చూసింది. అతని అరచేతుల మీద గీరుకుపోయిన చారలు చూసింది.

"ఎప్పుడు పోయినారు?"

"నిన్న. చిన్నతంబి పడవలో. పొద్దుటి నుంచి సందేళ దాకా తవ్వినా."

"ఎవురు రమ్మనినారు?"

"ఎవురూ రమ్మన్లా," అన్నాడు శ్రీకుమార్. "నేనే పోయినా."

జనని కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. తండ్రి వైపు తిరిగి, "నాకిష్టమే నాన్నా," అంది.

అప్పటిదాకా బిగబట్టుకున్న అవ్వ ఇంక ఉండలేకపోయింది.

"ఏర్కాడు పెళ్ళికి ముందా అమ్మా, తర్వాతా?"