పీహెచ్ ఒకటి, పెట్టె ఎక్కడ?

“కోడ్ గుర్తుందిగా? పీహెచ్ ఒకటి అయితే పీఓహెచ్ ఎంత?”

“పదమూడు సార్.”

“ఆ జవాబు చెప్పే మనిషే మన డబుల్ ఏజెంట్. విదేశీ ముఠా పెట్టె ఎక్కడ దాచిందో ఆమెకే తెలుసు. అందులో ఆమ్లం సాయంత్రానికి ఇనుప తీగను తినేస్తుంది. తీగ తెగిందా, బాంబు పేలుతుంది.”

గడియారంలోని ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్ వామన్‌రావు గొంతు ఆగిపోయింది.

ఏజెంట్ ఇంద్రసేన అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుచుకున్నాడు. పెట్టుడు గడ్డం కింద చెమట కారుతోంది. ఆదివారం. 1996 మే. ఎంసెట్ ముంచుకొస్తోంది. ఆ సంగతి హెడ్‌క్వార్టర్స్‌లో ఒక్కరికీ తట్టలేదు.

కెమిస్ట్రీ గైడు తిరగేసిన ప్రతి విద్యార్థికీ జవాబు నాలుక చివరే ఉంది.

“గిది గూడ తెల్వదా అన్నా? రెండూ కలిస్తే పద్నాలుగు. ఒకటి తీసెయ్, పదమూడు. పీహెచ్ తగ్గినకొద్ది ఆమ్లం ముదురుతది, పీఓహెచ్ పెరుగుతది. ఇగ గైడెంత?”

“పెట్టె ఎక్కడ?”

“ఏం పెట్టె? జర తగ్గించి చెప్పన్నా.”

మధ్యాహ్నానికి గొంతు ఎండింది, ఓపిక ఎండింది. పదమూడన్నవాళ్లు గుంపులుగా వచ్చారు. రావలసిన మనిషి రాలేదు.

అప్పుడు నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర, అత్తరు వాసన వచ్చి ఎదురుగా నిలిచాయి.

“పీహెచ్ ఒకటి. పీఓహెచ్?” విసుగ్గా అడిగాడు.

“పన్నెండు.”

పొద్దుటి నుంచి విన్న తొలి తప్పు. ఇంద్రసేనకు ఒళ్లు మండింది. “ఈ గైడు కొనుక్కుని చదువుకోండి మేడమ్.”

“గైడులోది గది వేడికి చెప్పిన లెక్కండీ.” ఆమె వంగి పేజీలు తిప్పింది. “పెట్టెలో హీటర్ పెట్టారు. ఆమ్లం కాగుతోంది. ఆ వేడికి మీ పద్నాలుగు పదమూడుకు దిగుతుంది, ఒకటి తీస్తే పన్నెండే. మీ తీగ సాయంత్రం దాకా ఆగదు.”

పెట్టె మాట విని అతని చెయ్యి గైడు మీదే ఆగిపోయింది. “మీరు...”

“జెర్లిన్. నాంపల్లి స్టేషన్, క్లోక్ రూమ్, పచ్చ ట్రంకు. నన్ను తర్వాత చూడొచ్చు, లేవండి.”

ఎక్కిన ఆటో జనంలో ఇరుక్కుంది. దిగి పరుగెత్తాడు. ట్రంకు మూత లేపేసరికి పొగ. పొగలో వెంట్రుకంత మిగిలిన తీగ. హీటర్ పీకేసి, ఆమ్లాన్ని విరిచే సోడా పొడి జేబులోంచి తీసి గుప్పించాడు. నురగ పొంగింది, కుంగింది. తీగ నిలిచింది. బయట ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మకం సాగుతూనే ఉంది.

గడియారం గొణిగింది. “కోడ్ తప్పు చెప్పిన మనిషిని ఎలా నమ్మావు? సంజాయిషీ కావాలి.”

ఇంద్రసేన గడ్డం ఊడబెరికాడు.

“సరిగ్గా చెప్పినవాళ్లు అబిడ్స్ నిండా ఉన్నారు సార్. ఇంజినీరింగ్ సీటు రానివాళ్లని మీరే ఏజెంట్లుగా తీసుకోండి.”