నీలికవచం తొలి ఆట

క్రేన్ చివర నిలబడ్డ సూపర్ హీరో నీలికవచం ఒకసారి కిందికి చూసింది. ఇరవై అంతస్తుల కింద, విశాఖ సముద్రపు గోడకి అలలు కొట్టుకుంటున్నాయి. డైరెక్టర్ మైకులో యాక్షన్ అనగానే, నడుముకి కట్టిన తాడుతో, రెండు చేతులూ చాచి దూకేసింది.

గోడ పక్కన ఆపిన వ్యాన్‌లో డాక్టర్ మందాకిని ఆమెని చూడటం లేదు. మానిటర్ చూస్తోంది. తెర మీద ఎర్రగీత ఒకటి నిటారుగా పైకి లేచింది. అది భయాన్ని చూపే గీత.

మందాకిని కనిపెట్టిన యంత్రం చూడటానికి నుదుటికి కట్టుకునే సన్నటి పట్టీ, అంతే. దాని పేరు అనుభూతి బ్యాండ్. కట్టుకున్న మనిషి మెదడులో ఆ క్షణాన కలిగే అలజడిని అది రికార్డు చేస్తుంది. ఇంకొకరు అలాంటి బ్యాండే కట్టుకుంటే ఆ అలజడి వాళ్ళలోనూ పుడుతుంది. ఒక వీణ తీగ మీటితే, పక్కన అదే శ్రుతిలో ఉన్న వీణ తీగ కూడా కదులుతుంది కదా, అలాగన్నమాట. ఆలోచనలు, జ్ఞాపకాలు దాటవు. భావం మాత్రమే దాటుతుంది.

బ్యాండ్ కట్టుకుని చూసే మొట్టమొదటి సీరియల్‌గా నీలికవచం మూడో సీజన్‌ని ఎంచుకున్నారు. తొలి ఎపిసోడ్ జనానికి నచ్చకపోతే మందాకిని ల్యాబ్ మూతపడుతుంది. ముందు హీరోయిన్ ఇషానికే బ్యాండ్ కట్టారు. కానీ ఆమె స్టూడియోలో పచ్చతెర ముందు నటిస్తుంది. రికార్డయింది కవచం కింద దురద, కాస్త విసుగు. అందుకని ముసుగు వేసుకుని నిజంగా దూకే డూపు పైడితల్లికి కట్టారు.

షాట్ అయ్యాక పైడితల్లి వ్యాన్‌లోకి వచ్చి ముసుగు తీసింది. ముప్పైయేళ్ళు దాటిన మనిషి. సీసాలో నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేసింది.

"నీకు ఎత్తంటే భయమా?" అని మెల్లిగా అడిగింది మందాకిని.

పైడితల్లి తలుపు వైపు చూసింది. "ఎవలికీ సెప్పకండి డాక్టరమ్మా. పైడితల్లికి భయమన్నదే తెలీదని మా ఫైట్ మాస్టర్ అందరికీ సెప్తాడు. తెలిస్తే ఇంక పనికి పిలవడు."

"మరి ఎలా దూకుతున్నావు?"

"భయం పోయిందాకా కూకుంటే ఎప్పటికి దూకుతాం? అది ఉండగానే దూకీడమే."

ప్రొడ్యూసర్ ధనుంజయకి ఎర్రగీత నచ్చలేదు. "మన సూపర్ హీరోకి భయమేమిటి డాక్టర్ గారూ? తీసెయ్యండి," అన్నాడు.

మందాకిని తీసి చూసింది. భయం పోగానే పక్కనున్న ఆకుపచ్చగీత, అంటే ధైర్యం, అదీ చదునైపోయింది. ల్యాబ్‌లో బ్యాండ్ కట్టుకుని చూసినవాళ్ళు లిఫ్ట్‌లో దిగినట్టుందన్నారు.

"భయం లేనిచోట ధైర్యానికి పని లేదండీ," అంది ధనుంజయతో. "ఉన్నదున్నట్టు వదిలేద్దాం."

"జనం హడలిపోయి బ్యాండ్లు పీకేస్తే?"

"నా ల్యాబ్ తాళాలు మీకే ఇస్తాను."

ఆదివారం మధ్యాహ్నం బీచ్ రోడ్డులోని పెద్ద హాల్లో తొలి ఆట వేశారు. సీట్లన్నీ నిండిపోయాయి. చిలకాకుపచ్చ చీర కట్టుకుని వచ్చిన పైడితల్లి మందాకిని పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ రికార్డు చేసే బ్యాండే కట్టుకుంది గానీ, చూసే బ్యాండ్ కట్టుకోవడం ఆమెకి అదే మొదలు.

తెర మీద, తీగ తెగిపోతున్న రోప్‌వే పెట్టెలో పిల్లలు చిక్కుకున్నారు. నీలికవచం టవర్ అంచు మీదికి వచ్చి నిలబడింది. హాల్లో అందరూ ఒక్కసారి కుర్చీల చేతులు గట్టిగా పట్టుకున్నారు. ముందువరసలో ఓ భారీ మనిషి పక్కనున్న ముక్కూమొహం తెలియనాయన చెయ్యి పట్టేసుకున్నాడు. ఒక్కరూ బ్యాండ్ తియ్యలేదు. భయం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. దాన్ని అలాగే మోసుకుని ఆమె దూకింది, ఆమెతో పాటు హాలంతా దూకింది.

లైట్లు వెలిగాయి. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఎపిసోడ్ అయిపోయినా ధైర్యం మాత్రం జనాన్ని వదల్లేదు. వెనకవరసలో ఒకాయన ఆఫీసరుకి ఫోన్ చేసి, ఆదివారాలు ఇక పనికి రానని నెమ్మదిగా చెప్పాడు. ఒక పెద్దావిడ నలభయ్యేళ్ళుగా మాట్లాడని చెల్లెలి నెంబరు ఎవరినో అడుగుతోంది. ఇషాని వేదికెక్కి మైకు అందుకుంది.

"దూకింది నేను కాదండీ. మూడు సీజన్లుగా దూకుతున్నది పైడితల్లి గారు. అక్కా, మీరు పైకి రండి."

ధనుంజయ ఉప్పొంగిపోయాడు. వచ్చే ఎపిసోడ్‌లో పైడితల్లి ఇంతకి రెట్టింపు ఎత్తునుంచి దూకబోతోందని అక్కడికక్కడే ప్రకటించి, మైకు ఆమె చేతికిచ్చాడు.

పైడితల్లి నుదుటి మీద బ్యాండ్ ఇంకా ఉంది. సూటిగా చెప్పేసింది. "నాకు ఎత్తంటే శానా భయమండి. ఈ మాట సెప్పడానికి ఇన్నాళ్ళూ ధైర్యం సాల్లేదు. రేపట్నించి నేనెక్కను."

మందాకిని నవ్వు ఆపుకోలేకపోయింది. ధనుంజయ ఆమెని పక్కకి లాగాడు. "ఈ ధైర్యం ఎంతసేపుంటుంది?"

"తెల్లారేసరికి తగ్గిపోవాలి."

అది తగ్గితే మళ్ళీ ఎక్కడానికి ఒప్పుకుంటుందని, తెల్లారగానే అతను మధురవాడలో పైడితల్లి ఇంటికి వెళ్ళాడు. ఆమె వాకిట్లో ముగ్గేస్తోంది. ఇషాని తన దగ్గర, దూకే డూపులకి నడుం తాళ్ళు కట్టే పని ఇచ్చిందని, అది నేలమీది పనేనని సంతోషంగా చెప్పి కుర్చీ వేసింది.

"నిన్నటి ధైర్యం ఇంకా ఉందా, తగ్గిందా?" అన్నాడు ధనుంజయ ఆశగా.

"మొత్తం దిగిపోయింది సార్," అంది పైడితల్లి. "ఇంకెలా ఎక్కుతాను?"