ఏడో ఇంటి వాయనం

ప్రభావతి గారి హాల్లో వరలక్ష్మీ వ్రతం వాయనం అందుకోబోతూ నిఖిల గడగడ వణికిపోయింది! ఒళ్ళంతా చెమటలు... చూపు ఎటో... "ఆకలి... ఆకలి..." అంటూ ఊగసాగింది.

"అమ్మవారు పూనిందర్రా!" అని కేక పెట్టింది ప్రభావతి. అంతే! ఒకావిడ కర్పూరం వెలిగించింది. ఇంకొకావిడ జడ విప్పేసింది. లత అయితే కాళ్ళ మీద పడి, "తల్లీ! మా పర్మనెంట్ రెసిడెన్సీ ఎప్పుడొస్తుంది తల్లీ? రెండుసార్లు రిజెక్ట్ చేశారు!" అని అడిగేసింది.

అది అమ్మవారు కాదని ఆ హాల్లో నిఖిల అత్తగారు అరుంధతి ఒక్కదానికే తెలుసు!

ఎనిమిది నెలల క్రితం నిఖిల బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ చేయించుకుంది. తీపి తింటే ముందు సుగర్ పెరిగి, గంటా రెండు గంటల్లో దబ్బున పడిపోతుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కానీ ఆ ఆపరేషన్ సంగతి, వాళ్ళుండే ఆ పరాయి దేశపు పేట బుకిట్ బటోక్‌లో ఎవరికీ తెలియదు! కోడలు తన కాకరకాయ కషాయంతోనే సన్నబడిందని అరుంధతి బ్లాకు బ్లాకుకూ చాటింది మరి! పాపం, పదకొండు మంది ఆడవాళ్ళు ఆరు నెలలుగా ముక్కు మూసుకుని దాన్ని తాగుతున్నారు.

ఇవాళ బయల్దేరేటప్పుడు కూడా, "ఆ సుగర్ మిషనూ, మాత్రల బ్యాగూ ఇంట్లో పెట్టెయ్యి. ఎవరైనా చూస్తే నా పరువేం కాను?" అంది అరుంధతి. నా ప్రాణం కంటే ఈవిడకు కషాయమే ఎక్కువా అని నిఖిల కళ్ళు తుడుచుకుంది. ప్రసాదం కాదనలేక, ఇక్కడికొచ్చే ముందు పేరంటానికి వెళ్ళిన ఆరిళ్ళలోనూ బూరెలూ, పరమాన్నమూ తినేసింది.

ఇప్పుడు నిఖిల పెదవులు పాలిపోయాయి. గోడ పట్టుకుని కూలబడింది. అరుంధతి అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది!

"తప్పుకోండర్రా! అమ్మవారు కాదు, సుగర్ పడిపోయింది! మా పిల్లకి పొట్ట ఆపరేషన్ అయింది! కషాయం సంగతి ఒట్టి అబద్ధం!"

అంటూనే కొంగు ముడి విప్పి నాలుగు గ్లూకోజ్ మాత్రలు తీసింది. "నమలమ్మా... నా తల్లివి కదూ!"

ప్రభావతి తన భర్త సుగర్ మిషను పరుగున తెచ్చింది. రెండు పాయింట్ తొమ్మిది! అంటే మన ఊళ్ళ లెక్కలో యాభై రెండు! పావుగంట తర్వాత చూస్తే నాలుగున్నర, అంటే ఎనభై ఒకటి. మళ్ళీ పడిపోకుండా అరుంధతి శనగల గుగ్గిళ్ళు ఒక్కొక్కటే నోట్లో పెట్టింది.

"అత్తయ్యా... ఈ మాత్రలు పొద్దుట్నుంచీ మీ కొంగులోనే ఉన్నాయా?"

"నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఉన్నాయే పిచ్చిదానా! చీర మార్చినప్పుడల్లా ముడి కూడా మారుస్తున్నా. బ్యాగ్ వద్దన్నానే గానీ, నిన్ను వదిలేస్తానా? పరువు కోసం నీ ప్రాణం మీదికే తెచ్చాను... నా బుద్ధి మండ!"

నిఖిల అత్తగారిని వాటేసుకుని భోరుమంది. చుట్టూ ఉన్న వాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు, ప్రభావతి తప్ప! ఆవిడ ఫ్రిజ్ తెరిచి పెద్ద గ్లాసుతో కషాయం తెచ్చింది.

"అరుంధతి గారూ, మీరెప్పుడైనా దీన్ని తాగారా?"

అరుంధతి తల దించుకుంది. గ్లాసు అందుకుని, పదకొండు మంది చూస్తుండగా చివరి చుక్క దాకా తాగింది. మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి!

నిఖిల తన వాయనంలోని బూరె తీసి ఆవిడ నోటికి అందించింది.

"ఇక నుంచి నా వంతు తీపి మీదే అత్తయ్యా!"